ఎర్రచుక్క మసకబారిన చలికాలం

మా నాన్నకీ నాకూ పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే చదివేవాళ్ళు ఎక్కడో ఒకచోట మేమిద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తామని ఎదురుచూస్తారు. అలాంటిదేమీ జరగలేదు. ఆయన సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు, నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. ఇద్దరికీ ఆకాశంతో పని ఉంది. ఆ ఆకాశం మీదే మాకు ముప్ఫై ఏళ్ళ పాటు తగాదా నడిచింది.

మాది యానాం దాటాక, గౌతమి సముద్రంలో కలిసే చోట ఇసుకలో ఉన్న ఊరు. నాన్నకి సొంత బోటు ఎప్పుడూ లేదు. మా మేనమామ బోటుకి చుక్కాని పట్టేవాడు. మేనమామ పోయాక ఆయన కొడుక్కి, అంటే మా బావకి, పట్టాడు. పొద్దుగూకే వేళకి బయల్దేరి తెల్లారేసరికి తిరిగొచ్చే వేట. చలికాలంలో ఆయన నమ్ముకున్నది ఒకే చుక్క. గొల్లకావడి అని మూడు చుక్కలు వరసగా ఉంటాయి కదా, అవి తూర్పున లేచేటప్పుడు వాటికి ఎడంపక్కన ఎర్రగా వెలిగేది. పుస్తకాల్లో దాన్ని ఆర్ద్రా నక్షత్రం అంటారు. వరి రైతులకి అది ఆరుద్ర కార్తె. మా బళ్ళో పిల్లలకి తొలకరిలో గట్ల మీద పాకే ఎర్రటి మెత్తటి పురుగు. నాన్నకి మాత్రం బోటు చుక్క.

ఎందుకంటే మార్గశిరంలో సూర్యుడు పడమట దిగుతుంటే అది తూర్పున లేస్తుంది. బోటు వెళ్ళేది తూర్పుకే. రాత్రంతా నెత్తి మీదుగా నడిచి తెల్లారగట్ల పడమట దిగుతుంది. బోటు ఇంటికొచ్చేది పడమరకే. వెళ్ళేటప్పుడు ఎదురుగా అదే, వచ్చేటప్పుడు ఎదురుగా అదే. ఇందులో మహిమేమీ లేదు, భూమి తిరుగుతోంది, అంతే. ఈ సంగతి ఆయనకి చెబితే “తిరిగితే తిరగనియ్యి, నాకు అడ్డం రాకుండా తిరిగితే చాలు” అన్నాడు.

అమ్మ బతికున్నన్నాళ్ళూ రోజూ రేవు దాకా వెళ్ళేది. క్యారేజీ చేతికిచ్చి, బోటుని నీళ్ళలోకి నెట్టే ముందు అడిగేది.

“చుక్కెలాగుందయ్యా?”

నాన్న ఒకసారి తలెత్తి తూర్పుకి చూసి “ఎర్రగానే ఉంది” అనేవాడు. మబ్బు కమ్మి ఆకాశం పెనం అడుగులా ఉన్నా అదే జవాబు. చుక్క ఆ వేళకి లేవని నెలల్లోనూ అదే జవాబు. బయల్దేరేవాడి నోట చెడ్డమాట రాకూడదని మా ఇంట్లో పట్టింపు. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటారు చూడండి, అలాగన్నమాట. వల చిరిగినా, ఇంజను దగ్గుతున్నా, వెళ్ళేటప్పుడు మాత్రం అంతా బావుందనే అనాలి. తిరిగొచ్చేటప్పుడు ఎన్ని తిట్లయినా తిట్టుకోవచ్చు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక మబ్బురోజున రేవులో “చుక్కేదీ, కనపడట్లేదుగా?” అన్నాను. అమ్మ వీపు మీద ఒక్కటి వేసింది. దెబ్బ గుర్తుండిపోయింది గాని అది దేనికి పడిందన్నది పెద్దయ్యాక అవసరమైన రోజున గుర్తు రాలేదు.

పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చినందుకు నాకొక పుస్తకం బహుమతిగా ఇచ్చారు. ఆకాశం మీద పుస్తకం, నిండా రంగుల బొమ్మలు. నున్నటి కాగితం. ఆ వేసవిలో నాన్న యానాం వెళ్ళి సీసా తెచ్చుకుని, తాగి, చుట్టాలకి పంపాల్సిన ఎండు నెత్తళ్ళ చేపలకి పొట్లాలు కట్టడానికి కాగితం దొరక్క నా పుస్తకం చింపాడు. నేను ట్యూషన్ నుంచి వచ్చేసరికి అట్ట మిగిలింది. నేను అరిచాను, ఏడ్చాను, గిన్నె విసిరాను. “కాగితవేగదే, ఇంకోటి కొనుక్కోవచ్చు” అన్నాడాయన. పక్క ఊళ్ళో ఉన్న మా అత్త ఇంటికి నడిచి వెళ్ళి, అప్పటికే విప్పేసిన పొట్లంలోంచి ఒక్క పేజీ తెచ్చుకోగలిగాను. గొల్లకావడికి కాస్త దిగువన మసగ్గా ఒక మచ్చ ఉంటుంది, దాన్ని దగ్గరగా తీసిన ఫొటో అది. గులాబీరంగు పొగలాగ ఉంటుంది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇప్పటికీ నెత్తళ్ళ వాసన కొడుతుంది. ఆయన మీద నాకున్న కోపం ఎప్పుడైనా తగ్గినట్టనిపిస్తే ఆ పేజీ తీసి వాసన చూసేదాన్ని.

ప్రతి ఏడాదీ క్లాసులో ఆ పేజీయే చూపిస్తాను. ఇది చుక్కల పురిటిగది అని మొదలుపెడతాను. గ్యాసూ దుమ్మూ కలిసిన మేఘం, మన ఊహకందనంత పెద్దది, చల్లనిది. అందులో ఎక్కడో కాస్త చిక్కబడుతుంది. చిక్కబడిన చోటు పక్కనున్నదాన్ని లాక్కుంటుంది. లాక్కున్నకొద్దీ బరువు, బరువెక్కినకొద్దీ ఇంకా లాగుడు. నడిమి భాగం నలిగి నలిగి వేడెక్కుతుంది. ఆ వేడి ఒక హద్దు దాటాక హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి హీలియం అవుతాయి, ఆ కలయికలోంచి శక్తి పుడుతుంది. ఆ రోజున చుక్క పుట్టినట్టు. అక్కడ మంట లేదు, పొగ లేదు, కాలడం లేదు. అయినా పరీక్షలో సగం మంది ‘సూర్యుడు మండుచున్నాడు’ అనే రాస్తారు. ఎర్రపెన్నుతో కొట్టేసి కొట్టేసి నా చెయ్యి నొప్పెడుతుంది.

పుట్టిన దగ్గర్నుంచీ చుక్క బతుకంతా తగాదాయే. దాని బరువు దాన్నే లోపలికి నొక్కుతూ ఉంటుంది. లోపల పుట్టిన వేడి బయటికి తోస్తూ ఉంటుంది. ఇద్దరిలో ఎవరూ తగ్గరు. తగ్గనంతకాలం చుక్క చుక్కలా నిలబడుతుంది. ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చేది. పిల్లలకి ఆ సంగతి చెప్పలేదనుకోండి.

అమ్మ పోయిన ఏడాదే నాకు మా ఊరి పక్క హైస్కూలుకి బదిలీ అయింది. మా ఆయనకి రాజమండ్రిలో ఉద్యోగం, ఆదివారాలు వస్తాడు. పుట్టింట్లో నేనూ నాన్నా మిగిలాం. రేవుకి వెళ్ళేవాళ్ళు, అడిగేవాళ్ళు లేరు. నాన్న తన క్యారేజీ తనే సర్దుకుని వెళ్ళేవాడు. నేనెప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళాలని కూడా అనిపించలేదు. పొద్దున్న ఆయన తిరిగొచ్చే వేళకి నేను బడికి తయారవుతూ ఉండేదాన్ని, సాయంత్రం నేనొచ్చే వేళకి ఆయన అన్నం తిని బయల్దేరుతూ ఉండేవాడు. ఆ గంటన్నర చాలేది మాకు కొట్టుకోవడానికి.

ఒకరోజు అన్నం తింటూ తనే అడిగాడు.

“చుక్కలు పుడతాయి, పుడతాయి అని వాగుతుంటావుగా. మరి ఎన్నాళ్ళుంటాయే?”

“ఒళ్ళుని బట్టి. చిన్నది ఊకపొయ్యి లాంటిది. కొంచెం కొంచెంగా తింటూ ఎంతో కాలం వస్తుంది. పెద్దది పెళ్ళివంటల పొయ్యి. ఎన్ని కట్టెలున్నా గబగబా తినేస్తుంది. పెద్ద చుక్కలకి ఆయుష్షు తక్కువ.”

“తినడం అయిపోతే?”

“చిన్నదైతే పైపొరలు రాలిపోయి, తెల్లగా చిన్న కణికలా మిగిలి, మెల్లగా చల్లారుతుంది. మన సూర్యుడు కూడా ముందు ఉబ్బి, తర్వాత అలాగే పోతాడు. పెద్దదైతే అలా ఊరుకోదు. హైడ్రోజన్ అయ్యాక హీలియం, అదయ్యాక కార్బన్, ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ పోయి చివరికి నడిమంతా ఇనుము చేసుకుంటుంది. ఇనుముని కలిపితే శక్తి రాదు. తోసేది ఆగిపోతుంది, నొక్కేది ఆగదు. క్షణంలో లోపల కూలిపోయి, పైన పేలిపోతుంది. లోపల చేసుకున్నదంతా ఆకాశంలోకి చిమ్ముతుంది. నీ రక్తంలో ఉన్న ఇనుము అలా వచ్చిందే. నీ లంగరు కూడా.”

“లంగరు కాకినాడలో కొన్నాం.”

“నాన్నా!”

“ఎవరు చూసొచ్చారే ఇదంతా? మీ మేస్టార్లెళ్ళారా?”

అక్కడ ఊరుకోవాల్సింది. నాకు ఊరుకోవడం రాదు. “నీ ఎర్రచుక్క సంగతి తెలుసా?” అన్నాను. “అది ముసల్ది. ఒళ్ళంతా ఉబ్బిపోయింది. చావుకి దగ్గరపడింది. ఇవాళ పేలిపోయినా ఆ వెలుగు ఇక్కడికి రావడానికి ఐదారువందల ఏళ్ళు పడుతుంది. నువ్వు రోజూ చూసుకుంటూ వెళ్ళేది ఎప్పుడో చచ్చినదాన్నేమో.”

ఆయన భుజాన తువ్వాలు ఉంది, పక్కన సర్దిన క్యారేజీ ఉంది. బయల్దేరబోయే మనిషి. పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ రోజు వేటకి వెళ్ళలేదు. మర్నాడు కూడా వెళ్ళలేదు. “నా బోటు మీదకి చావు మాట తెస్తావా, నువ్వు నా కడుపున పుట్టావా?” అని వారం రోజులు వీధంతా వినపడేలా తిట్టాడు. చదువులేని మూర్ఖత్వం ఇలాగే ఉంటుందని నేనూ వీధంతా వినపడేలా అన్నాను. ఇద్దరం గొంతున్నవాళ్ళమే.

ఆ మరుసటి ఏడాది చలికాలంలో చుక్క నిజంగానే మసకబారింది. ఇది నేను కల్పించిన మాట కాదు. ప్రపంచమంతా చూసింది. నాకు మాత్రం ఫోన్లో వార్త కనిపించేదాకా తెలియలేదు. ఎర్రటి మహాతార వెలుగు సగానికి సగం పడిపోయిందనీ, పేలిపోయే ముందు గుర్తేమోననీ రాశారు. పరుగున డాబా ఎక్కాను. తూర్పున గొల్లకావడి లేచింది. ఎడంపక్క చుక్క వెలవెలబోతోంది. ఎప్పుడూ దానికి తీసికట్టుగా ఉండే రోహిణి ఇప్పుడు దానికన్నా బాగా వెలుగుతోంది. బాధపడాల్సింది. నాకు పట్టరాని సంతోషం వేసింది. చచ్చిపోతుందని చెప్పానా లేదా? ఇప్పుడేమంటాడో చూద్దాం అనుకున్నాను.

అప్పటికే నాకు ఆయన కళ్ళ మీద అనుమానం ఉంది. గడప దాటేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. మెట్టు దగ్గర కాలితో వెతుక్కుంటున్నాడు. నేను మంచినీళ్ళు పెడితే గ్లాసు ఎటో, చెయ్యి ఎటో. ఈయన చుక్కాని పట్టిన బోటులో ఇంకా నలుగురు ఉంటారు. గౌతమి ముఖద్వారంలో ఇసుకమేటలు రోజుకో చోట ఉంటాయి. తెల్లవారుజామున కెరటం ఎక్కడ విరుగుతోందో చూసి బోటు లోపలికి తేవాలి. బావ కొన్న జీపీఎస్ డబ్బాని పాలిథిన్ కవరులో చుట్టి మూలపడేశాడు నాన్న. అంటే ఐదుగురి ప్రాణాలు ఆ రెండు కళ్ళ మీద ఉన్నాయి. నేను భయపడ్డ మాట నిజం. గెలవాలనుకున్న మాట కూడా నిజం. రెంట్లో ఏది ఎక్కువో అప్పుడు నన్నెవరైనా అడిగితే భయమే అని చెప్పి ఉండేదాన్ని.

ఏం అడిగినా తిడతాడు. నా మాటకి తలెత్తి ఆకాశం చూడడు. చూసేలా చెయ్యాలంటే ఒకటే దారి ఉందనిపించింది. అమ్మ పోయిన నాలుగేళ్ళలో మొదటిసారి ఆ సాయంత్రం ఆయన వెనకాలే రేవుకి వెళ్ళాను. నన్ను చూసి బోటువాళ్ళు పక్కకి జరిగారు. నాన్న బోటు అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. గొల్లకావడి సముద్రం మీద నుంచి పైకొచ్చింది, మబ్బు లేదు.

“చుక్కెలాగుంది నాన్నా?” అన్నాను.

ఆయన నావైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి తూర్పుకి, సరిగ్గా అది ఉన్న చోటికి చూశాడు. చూపు ఉన్నవాడైతే ఉలిక్కిపడాలి, మొహం మారాలి. ఏమీ మారలేదు.

“ఎర్రగానే ఉంది” అన్నాడు. ఆ గొంతు ఎందుకో మెత్తగా ఉంది.

దొరికిపోయాడనుకున్నాను. చోటు అలవాటు కొద్దీ చూశాడు గాని చుక్క కనపడలేదు, కనపడి ఉంటే ఆ మాట అనడు. అమ్మ ప్రశ్న వాడుకున్న నాకు, జవాబు కూడా అమ్మకిచ్చేదే ఇస్తాడని తట్టలేదు. చదువుకున్నదాన్ని కదా.

మర్నాడు బడి నుంచి తిన్నగా బావ ఇంటికి వెళ్ళాను. బావ నాకన్నా పదేళ్ళు పెద్ద. నన్ను వేళాకోళానికి ‘టీచరుగారండీ’ అంటాడు. నాన్నకి చూపు ఆనడం లేదని చెప్పాను. చుక్క పరీక్ష పెట్టి మరీ తెలుసుకున్నానని గొప్పగా చెప్పాను. బావ వేళాకోళం మానేశాడు.

“మంచిపని చేశావమ్మా. నలుగురి ప్రాణాలు. మామయ్యతో ఎలా అనాలా అని నేనే చూస్తున్నాను.”

ఎందుకు చూస్తున్నాడో ఊరందరికీ తెలుసు. బావ కొత్తల్లుడు ఖాళీగా ఉన్నాడు, డబ్బా చూసి బోటు నడపడం నేర్చుకుంటున్నాడు. అది నాకూ తెలుసు. తెలిసే వెళ్ళాను.

ఆ సాయంత్రం రేవులో బావ ఏ మొహమాటమూ లేకుండా అనేశాడు. చేపలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళున్నారు, పక్క బోట్లవాళ్ళున్నారు. నేను వలలు ఆరేసే పాకల దగ్గర, వాళ్ళందరికీ వెనకాల నిలబడ్డాను.

“నువ్వింక ఇంటికాడ ఉండు మామయ్యా. కళ్ళు కనపడట్లేదంట కదా. నేననట్లేదు, మీ అమ్మాయే చెప్పింది.”

నాన్న నోరున్న మనిషి. రేవు దద్దరిల్లిపోతుందనుకున్నాను. ఒక్కమాట అనలేదు. చుక్కాని మీద నుంచి చెయ్యి తీసి, వెనక్కి తిరిగి, అంత మసకలో, అంతమందిలో, సూటిగా నన్నే చూశాడు. చూపు లేనివాడు అలా ఎలా చూస్తాడన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. క్యారేజీ పట్టుకుని నా పక్కనుంచే ఇంటికి నడిచాడు.

నెల తర్వాత ఒక ఆదివారం బాబాయ్ పీతలు పట్టుకొచ్చాడు. బాబాయ్ అంటే నాన్నకి వరసకి తమ్ముడు, పాతికేళ్ళుగా అదే బోటులో ఉన్నవాడు. నాన్న ఇంట్లో లేడు. బాబాయ్ అరుగు మీద కూచుని, నా మొహం చూడకుండా మాట్లాడాడు.

“అన్నయ్యకి చూపు లేదని ఎవరు చెప్పారమ్మా నీకు?”

“నేనే అడిగాను బాబాయ్. చుక్క సగమైపోతే ఎర్రగానే ఉందన్నాడు.”

“బయల్దేరేవాడు ఇంకేవంటాడు?”

నేను పీతల సంచీ పక్కన పెట్టి అరుగు అంచున కూచున్నాను.

“కార్తీకం నుంచీ చెప్తున్నాడమ్మా మాకు. తిరిగొచ్చేటప్పుడు. ‘చుక్క మాసిపోతందిరా, రోజూ కాస్త కాస్త తగ్గతంది, రోహిణి దాన్ని దాటేసింది’ అనేవాడు. నువ్వు ఫోన్లో చూడకముందే. దాన్ని నమ్ముకుంటే లాభం లేదని రోహిణిని చూసి తెచ్చేవాడు బోటుని. ‘అమ్మాయికి చెప్పకండ్రా, తను చెప్పిందే నిజవైందని ఇల్లెక్కి అరుస్తది’ అని నవ్వేవాడు కూడా.”

“మరి గోడ పట్టుకుని నడుస్తున్నాడు...”

“మోకాలు. వాచిపోయింది. నీకు చెప్పద్దన్నాడు.”

గ్లాసు సంగతి అడగబోయి ఆగాను. నేను అన్నం పెట్టేటప్పుడు ఆయన నావైపు చూసేవాడే కాదు. మొహం అటు తిప్పుకుని చెయ్యి చాపేవాడు. కోపంతో చాపిన చెయ్యిని గుడ్డివాడి చెయ్యి అనుకున్నాను. వెళ్ళబోతూ బాబాయ్ మెట్టు మీద ఆగి, చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, చెప్పేశాడు.

“నువ్వు రేవుకొచ్చిన రోజు బోటులో ఎంత సంబరపడిపోయాడనుకున్నావు! వదిన పోయాక ఆ మాట అడిగినోళ్ళు లేరుగా. ‘అమ్మాయి వచ్చి అడిగిందిరా, చూశారా’ అని తెల్లవార్లూ అదే పాట. వల తియ్యడం కూడా మర్చిపోయాడు.”

ఆ పీతలు వండలేదు. ఎవరికిచ్చేశానో గుర్తులేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది. నా మీద, బావ మీద, బాబాయ్ మీద, అందరికన్నా ఎక్కువ నాన్న మీద. ఒక్కమాట అనొచ్చుగా? ‘నాకు కనపడుతోందిరా, ఆ మాట ఆనవాయితీ కొద్దీ అన్నాను’ అని రేవులో అందరి ముందూ అనొచ్చుగా? అంటే ఏమవుతుందో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. చుక్క చెడిందని రేవులోనే, బోటు కదలకముందే ఒప్పుకున్నట్టవుతుంది. అమ్మకి అన్నేళ్ళు చెప్పిన జవాబు ఉత్తుత్తిదేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన చుక్కానైనా వదులుకున్నాడు గాని ఆ పని చెయ్యలేదు.

చెడగొట్టినదాన్ని నేనే బాగుచేస్తానని బయల్దేరాను. నాన్నని బలవంతాన కాకినాడ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈ వయసుకి ఇంత చూపు ఉండటం గొప్పే అన్నాడు డాక్టరు. ఆ కాగితం తీసుకెళ్ళి బావ ముందు పెట్టి, నాదే పొరపాటు, నేనే తప్పు చెప్పానన్నాను. బావ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బావుంది టీచరుగారండీ. మోకాలికి కూడా ఇలాంటి కాగితం తెస్తారా?” అన్నాడు.

వాడి అల్లుడు పక్కనే కూచుని డబ్బా తుడుచుకుంటున్నాడు. బావ మొహాన ఉమ్మేయాలనిపించింది. ఉమ్మకుండా వచ్చినందుకు ఇప్పటికీ చింతిస్తున్నాను.

వేసవి వచ్చేసరికి చుక్క కోలుకుంది. అది చావనూ లేదు, చావబోనూ లేదు. తనలోంచి తానే బోలెడంత గ్యాసు కక్కుకుందట, అది చల్లారి దుమ్మై మనకీ దానికీ మధ్య అడ్డం నిలిచిందట. దుమ్ము చెదిరిపోయాక వెలుగు మామూలుగా వచ్చేసింది. దానికి ఇంకా లక్ష ఏళ్ళు ఉండొచ్చని కూడా అన్నారు. మసక చూసి చావుకబురు మోసినవాళ్ళలో నేనొకదాన్ని. ఆ ఏడాది క్లాసులో ఈ పాఠం చెప్పేటప్పుడు ఆర్ద్ర పేరు ఎత్తలేదు. పిల్లల్లో ఎవరో అడిగితే సిలబస్‌లో లేదన్నాను.

ఇంట్లో నాన్న తిట్టడం మానేశాడు. అది నేను తట్టుకోలేకపోయాను. కూరలో కావాలని ఉప్పెక్కువ వేశాను. మాట్లాడకుండా తిన్నాడు. తువ్వాలు తడిగా ఉండగానే మడతపెట్టి దాచాను. తీసి ఆరేసుకున్నాడు. ఒకరోజు ఏమీ తోచక “సూర్యుడు మండుతున్నాడు నాన్నా” అన్నాను, నా జన్మలో అనని మాట. “ఊఁ” అన్నాడు. ముప్ఫై ఏళ్ళు నేను ఒకవైపు నుంచి నొక్కుతుంటే ఆయన ఒకవైపు నుంచి తోశాడు. ఇప్పుడు తోసే చెయ్యి తీసేశాడు. నేను మాత్రం అలాగే నొక్కుతున్నాను.

క్షమించమని కూడా అడిగాను, రెండుసార్లు. మొదటిసారి వినపడనట్టు లేచి వెళ్ళాడు. రెండోసారి “దేనికి?” అన్నాడు. దేనికో చెప్పడం మొదలుపెడితే, నా మాట పూర్తి కాకముందే రేడియో పెట్టాడు.

మళ్ళీ మార్గశిరం వచ్చింది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నాన్న వాకిట్లో మంచం మీద కూచుని ఉన్నాడు. ఏడాదిగా ఎవరూ సర్దని క్యారేజీ వంటింట్లో మేకుకి వేలాడుతోంది. దూరంగా బోటు ఇంజను చప్పుడు సన్నగా వినపడి, ఆగిపోయింది. పళ్ళెంలో అన్నం పెట్టి తెచ్చి ఆయన పక్కన నిలబడ్డాను. కొబ్బరిచెట్ల సందులోంచి గొల్లకావడి లేచింది, దాని ఎడంపక్క చుక్క నిప్పుకణికలాగ వెలుగుతోంది. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను గాని అంత ఎర్రగా ఎప్పుడూ చూసినట్టు లేదు. ఇప్పుడు ఆ జవాబు చెప్పడానికి ఆనవాయితీ అక్కర్లేదు, నిజం సరిపోతుంది. ఒక్కసారి ఆయన నోట వింటే చాలనిపించింది.

“చుక్కెలాగుంది నాన్నా?” అన్నాను.

ఆయన తలెత్తి చూడలేదు. పళ్ళెం నా చేతిలోంచి అందుకున్నాడు. ఈసారి నా మొహంలోకి చూస్తూనే అందుకున్నాడు. గొంతులో కోపం లేదు, నాకు తెలియని సంగతి ఒకటి చెబుతున్నట్టు నిదానంగా అన్నాడు.

“ఆ మాట బయల్దేరేవాణ్ణి అడగాలమ్మా.”

అని అన్నం కలుపుకున్నాడు. తిన్నంతసేపూ నేను అక్కడే నిలబడ్డాను. తిన్నాక పళ్ళెం తనే కడుక్కుని, గడప దగ్గర గోడ పట్టుకుని, వాచిన కాలు జాగ్రత్తగా ఎత్తిపెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.